చుక్క హాజరీ

మా ప్రత్యూషకి హైకోర్టులో జడ్జీగారి ముందు నిలబడి ఇంగ్లీషులో మాట్లాడ్డం వచ్చు. తెలుగులో అయిదక్షరాలు వరసగా చదవమంటే మాత్రం నీళ్ళు నములుతుంది. అందుకే ఆ కాగితం రెండు వారాలు దాని ఫోన్లో ఊరికే పడుంది. నాకు చూపించాలని దానికి తోచలేదు, చూపించమని అడగడం నాకు తెలీలేదు. ఇప్పటికీ తలుచుకుంటే నా ఒళ్ళు మండిపోద్ది.

నా పేరు చిన్నతల్లి. బిలాస్‌పూర్ రైల్వేలో గ్యాంగు పని నాది. పట్టాలు చూడ్డం, కంకర ఎత్తడం, బోల్టులు బిగించడం. నా మొగుడు వేణుగోపాల్ డ్యూటీలో బండి తగిలి పోతే ఆ ఉద్యోగం నాకిచ్చారు. ఇరవైరెండేళ్ళయింది, వచ్చే మార్చికి రిటైరవుతాను. ఇల్లు తోర్వాలో. ఇంట్లో ముగ్గురమే: నేను, నా కూతురు ప్రత్యూష, మా అత్త అసిరమ్మ. ప్రత్యూష నెహ్రూ నగర్‌లో ఒక వకీలుగారి దగ్గర జూనియరు. మా అత్తకి ఎనభై అయిదు. చెవులు బాగానే పని చేస్తాయి, కళ్ళే సరిగ్గా కనబడవు. నోరు గురించి కోడల్ని, నేను చెప్పకూడదు.

సంగతంతా మా అత్త తండ్రి బంగార్రాజుది. శ్రీకాకుళం వైపు నుంచి బర్మా ఎల్లిపోయి, అక్కడ రైల్లో గ్యాంగు మేటు అయ్యాడు. మేటంటే గ్యాంగుకి పెద్ద. పొద్దున్నే హాజరీ పిలిచేదీ, వచ్చినోడి పేరెదురుగా పుస్తకంలో గీత పెట్టేదీ అతనే. యుద్ధంలో జపానోళ్ళు వచ్చేస్తున్నారని పెళ్ళాన్నీ, రెండేళ్ళ అసిరమ్మనీ ఓడెక్కించీశాడు. తను వెనకోడకి వద్దామనుకున్నాడు. వెనకోడ లేదు. జపానోళ్ళు అతన్నీ అతని గ్యాంగునీ అడవిలోకి తోలుకుపోయి, పక్కదేశం సయాం దాకా రైలుదారి వెయ్యమన్నారు. ఆ దారి వేస్తూ తెల్లసిపాయిలు ఖైదీలుగా చచ్చిపోయారని లోకానికి తెలుసు, వాళ్ళకి రాతి సమాధులున్నాయట. వాళ్ళకంటే ఎన్నో రెట్లు మన తెలుగోళ్ళు, తమిళులు, బర్మావాళ్ళు పోయారు. వాళ్ళకి రాయీ లేదు, పేరూ లేదు.

యుద్ధం అయ్యాక ఆ గ్యాంగులోంచి బిలాస్‌పూర్ చేరుకున్నోళ్ళు ఇద్దరే. ఒకడు బంగార్రాజు, ఇక్కడా మళ్ళీ గ్యాంగు మేటుగానే చేశాడు. భార్య తమ్ముడు ఇక్కడ లోకోషెడ్డులో ఉండబట్టి భార్యాపిల్లా ఇక్కడే ఉన్నారు. రెండోవాడు పైడయ్య. పైడయ్య అన్న చిన్నారావు అడవిలోనే ఉండిపోయాడు. ఆ చిన్నారావు కొడుకే సింహాచలం మావయ్య. తండ్రి మొహం ఎరగడు, చిన్నాన్న పైడయ్యే పెంచాడు. పెద్దయ్యాక మావయ్య కూడా ఇక్కడే గ్యాంగు మేటై రిటైరయ్యాడు. వాళ్ళిల్లు మా ఇంటికి రెండు సందుల అవతల.

పైడయ్య చెప్పిన మాట మావాళ్ళలో డెబ్బై ఎనిమిదేళ్ళుగా తిరుగుతోంది. క్యాంపులో కలరా తగిలి ఇరవై ఏడుగురు ఒక పాకలో పడుంటే, లోపల మనుషులుండగానే క్యాంపు ఆఫీసరు ఆ పాక తగలబెట్టించీశాడు. పోయినోళ్ళలో చిన్నారావు ఒకడు. ఆ పాక చూపించింది మేటు బంగార్రాజేనని, పోయినోళ్ళ పేరు చెప్పి వాళ్ళ బియ్యం తను తిన్నాడని, సింగపూర్లో ఇంగ్లీషోళ్ళు కోర్టు పెడితే అక్కడ నోరు మూసుకుని ఆఫీసర్ని విడిపించీశాడని పైడయ్య మాట. అంతే, మా అత్త చచ్చినోళ్ళ బియ్యం తిన్నోడి కూతురైపోయింది. పేరంటానికి పిలుపు లేదు. పెళ్ళిళ్ళకెళ్తే సింహాచలం మావయ్య కూర్చున్న పంక్తిలో మాకు ఆకు వెయ్యరు. నా మొగుడు పోయినప్పుడు ఆయన మా వాకిలి దాకా వచ్చి, అక్కడే నిలబడి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఎల్లిపోయాడు. కొడుకు పోయిన ఏడుపులో కూడా మా అత్త అది చూసింది.

మరి బంగార్రాజు ఏమనీవోడంటే, ఏమీ అనీవోడు కాదట. డెబ్బై ఒకటో సంవత్సరంలో పోయాడు. పోయీదాకా ఆ సంగతి ఎత్తలేదు.

కిందటేడు ప్రత్యూషకి నల్లకోటు వచ్చిన రోజు మా అత్త దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని అడిగింది. “మా అయ్య కోర్టుల అబద్దం ఆడినాడా, నిజం చెప్పినాడా? నాకదొక్కటి తెలియాల. చెడ్డదైనా పరవాలేదు గానీ, తెలీకుండ మాత్రం నాను పోను.”

నాకు ఒళ్ళు మండింది. ముసల్దానికి ఇప్పుడెందుకీ తవ్వకం అనుకున్నాను. గానీ ప్రత్యూషకి అలాంటి పిచ్చి ఉంది. చిన్నప్పుడు గడియారం ఊడదీసినట్టు దేన్నయినా ఊడదీసి చూడాలి. ఆ కోర్టు కాగితాలు విదేశంలో ఎక్కడో భద్రంగా ఉన్నాయని కనిపెట్టింది. ఉత్తరం మీద ఉత్తరం రాసింది. నాలుగు నెలలకి ఫైలు మొత్తం ఫొటోలు తీసి పంపించారు. ఎనభై ఏళ్ళనాటి కాగితం తోర్వాలో నా కూతురి ఫోన్లోకి రావడమేటి అని నేను చాలాసేపు ఆ ఫోనువేపే చూశాను.

ఒక ఆదివారం పొద్దున్న టిఫిన్లయ్యాక ప్రత్యూష కూర్చుని ఇంగ్లీషు కాగితాలు చదివి, సగం హిందీలో సగం తెలుగులో చెప్పింది. మొదట మంచే వచ్చింది. బంగార్రాజు సాక్ష్యం చెప్పాడు. జులై పన్నెండున ఆఫీసరు వచ్చి, పాకలో ఉన్నోళ్ళని పనికి లేపమన్నాడట. లేవలేరు అన్నాడట బంగార్రాజు. అందుకు ఆయన నెత్తిన బరువైన కర్రదుంగ పెట్టి మూడు రోజులు ఎండలో నిలబెట్టారట. మూడో రోజు, పద్నాలుగున, ఆయన కళ్ళెదుటే పాక అంటించారట. మా అత్త రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా వింది.

ఆ తర్వాత ప్రత్యూష గొంతు తగ్గిపోయింది. ఆఫీసరు తరఫు వకీలు ఒక పుస్తకం బయట పెట్టాడు. బంగార్రాజు స్వయంగా రాసిన హాజరీ పుస్తకం. అందులో ఆ ఇరవై ఏడుగురూ జులై పద్నాలుగు తర్వాత కూడా, ఆగస్టు నెలాఖరు దాకా, రోజూ హాజరే. చచ్చిపోయినోళ్ళు పనికెలగ వచ్చారు? పైగా ఎండలో నిలబెట్టారన్న మూడు రోజులూ బంగార్రాజు పేరెదురుగా సున్నాలున్నాయి. అంటే ఆ మూడు రోజులూ అతను క్యాంపులోనే లేడు, చూడనేలేదు అన్నాడు వకీలు. పుస్తకం నీదేనా అని అడిగారు, నాదే అన్నాడు. రాత నీదేనా అంటే నాదే అన్నాడు. మరి వాళ్ళు పనిలో ఉన్నారా అని అడిగారు. సాక్షి జవాబు చెప్పలేదు, అని ఉందట కాగితంలో. లేకపోతే హాజరీ ఎందుకు వేశావు? సాక్షి జవాబు చెప్పలేదు. వాళ్ళ బియ్యం ఎవరు తీసుకున్నారు? సాక్షి జవాబు చెప్పలేదు. ఇక కోర్టు ఏం చేస్తుంది, పాక తగలబెట్టిన నేరం రుజువు కాలేదంది. ఆఫీసరు ఇంటికెళ్ళిపోయాడు.

మా అత్త లేచి లోపలికెళ్ళి గోడవేపు తిరిగి పడుకుంది. మధ్యాన్నం అన్నం వద్దంది. రాత్రీ వద్దంది. పైడయ్య చెప్పిందే నిజమైపోయిందని ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, గానీ ముగ్గురం అదే అనుకున్నాం. ఈ తవ్వకం వద్దంటే విన్నావా అని నేను పిల్లని పట్టుకుని దులిపీశాను. అది తప్పు, దానిదేటుంది. గానీ నా కోపం ఎక్కడో ఒకచోట దిగాలి కదా.

రెండు వారాలు అలాగే గడిచాయి. ఒక సాయంత్రం డ్యూటీ దిగొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే ఉన్నట్టుండి నాకొక అనుమానం వచ్చింది. ఆ పుస్తకం ఏ భాషలో రాశాడు? మూడో క్లాసు చదివిన మేటు ఇంగ్లీషులో రాయడు కదా. ప్రత్యూషని అడిగితే, అది తెలుగేనమ్మా, ఫైలు చివర ఫొటో ఉంది, నాకు ఆ గుండ్రాలు చదవడం రాలేదు, ఇంగ్లీషులో తర్జుమా ఉంది కదా అని వదిలీశాను అంది. చూడండి మరి. అప్పటికప్పుడు స్కూటీ మీద దాన్ని జెరాక్స్ షాపుకి తోలి, ఎంత పెద్దగా వీలైతే అంత పెద్దగా ప్రింటు తీయించాను.

నేను రైల్వే తెలుగు బడిలో అయిదు దాకా చదివాను. కూడబలుక్కుని చదువుతాను. నేలమీద కాగితాలు పరిచాం. ఎడంపక్క పేర్లు. గవరయ్య, తౌడు, ఎర్రయ్య, దాలయ్య, నారాయుడు. మా ఊరి పేర్లే, మా ఇళ్ళల్లో తిరిగే పేర్లే. ఎదురుగా రోజుకొక గడి, గడిలో నిలువు గీత. గీతంటే హాజరు, సున్నా అంటే గైర్హాజరు. ఇంతవరకూ వకీలు చెప్పినట్టే ఉంది. అప్పుడు నాకు చుక్కలు కనబడ్డాయి.

కొన్ని గీతల కింద చిన్న చుక్క. కొన్ని గీతల తల మీద చుక్క. సిరా మరకలేమో అంది ప్రత్యూష. మరకలు ఇంత వరసగా పడతాయా? ఆ చుక్క నాకు తెలుసు. నా మొగుడి పేరు మీద చూశాను.

ఇది మా గ్యాంగుల్లో లోపలి సంగతి, బయట చెప్పుకునీది కాదు. ఇంక రిటైరయిపోతున్నాను కాబట్టి చెప్పీస్తాను. చుక్క లేని గీతంటే మనిషి నిజంగా పనిలో ఉన్నట్టు. గ్యాంగులో ఒకడికి జ్వరమొచ్చి రాలేకపోతే మేటు అతని హాజరీ కొయ్యడు. మిగతావాళ్ళం అతని వంతు పని చేసీస్తాం, మేటు గీత పెట్టీసి, తనకి గుర్తుండడానికి గీత కింద చుక్క పెడతాడు. ఆ మనిషి కోలుకుని వచ్చాక ఇంకొకడి వంతు చేస్తాడు. అదే మనిషి చచ్చిపోతే మాత్రం చుక్క గీత తల మీదకెళ్తుంది. ఇతనింక తిరిగి రాడు అని దానర్థం. అయినా పదకొండో రోజు దాకా హాజరీ కొయ్యరు. నా మొగుడు పోయిన పదకొండో రోజున అప్పటి మేటు మా ఇంటికొచ్చి ఆ పుస్తకం తీసి చూపించాడు. వేణుగోపాల్ పేరెదురుగా పదకొండు గీతలు, పదకొండు చుక్కలు పైన. ఇంతకు మించి నా వల్ల కాదమ్మా అన్నాడు. ఆ పదకొండు చుక్కలు నేను చచ్చీదాకా మర్చిపోను.

మళ్ళీ వంగి, ఆ ఇరవై ఏడు పేర్లూ ఒక్కొక్కటీ వేలు పెట్టి చూశాను. ఒకడికి జూన్ ఇరవై నుంచి కింద చుక్క, ఒకడికి జులై రెండు నుంచి. అంటే ఒక్కొక్కడూ జబ్బు పడిన రోజు అది. జులై పదమూడు దాకా అందరికీ చుక్క కిందే ఉంది. పద్నాలుగున ఇరవై ఏడు చుక్కలూ ఒక్కసారి తల మీదకెక్కీశాయి.

ప్రత్యూషకి అర్థమైంది. వెంటనే దానిలోని వకీలు నోరు తెరిచింది. ఇది నీ మాట అమ్మా, నీ మొగుడి మీద ప్రేమతో అలా కనబడుతోంది అంటారు, సాక్ష్యం కాదు ఇది అంది. అచ్ఛా, అలాగా అన్నాను. మర్నాడు టీ టైములో మా గ్యాంగు మేటు శివాజీకి, ఎవరిదో ఏటో చెప్పకుండా కాగితం ఇచ్చాను. అతను టీ గ్లాసు కింద పెట్టకుండానే చూసి, ఇదెక్కడి గ్యాంగు, ఒక్క రోజున ఇంతమంది పోయారేటి, ఏక్సిడెంటా అని అడిగాడు. మరి ఈ మేటు, అన్నాడు మళ్ళీ, అందరికీ వేసుకుని తనకి మాత్రం మూడు సున్నాలు పెట్టుకున్నాడు, పిచ్చోడా? ఎండలోంచి దించాక పుస్తకం రాసుకున్నప్పుడు, పని చెయ్యని ఆ మూడు రోజులకీ తన పేరు మీద దొంగ గీత పెట్టుకోలేదని నాకు అప్పుడు వెలిగింది. ఈ చుక్కలు నీకెవరు నేర్పారని అడిగితే, తన మేటు అన్నాడు. ఆ మేటుకి ఇంకో మేటు. అటు రాయ్‌గఢ్ వైపు గ్యాంగులకి ఈ పద్ధతి తెలీదట, మన దగ్గరే ఉందట. బిలాస్‌పూర్‌కి ఎవరు తెచ్చారో అతనికి తెలీదు. నాకు తెలిసిపోయింది.

ఇంక ఒక్కటే ముడి మిగిలింది. ఇంత స్పష్టంగా రాసి పెట్టుకున్నవాడు కోర్టులో ఆ ఒక్క ముక్క ఏల చెప్పలేదు? పట్టాల మీద నడుస్తూ రోజంతా అదే ఆలోచించాను. నడుస్తూ నడుస్తూ నన్ను నేనే అడుక్కున్నాను. రేపు పెద్దాఫీసరు వచ్చి, ఈ గీత దొంగ గీతా అని నన్నడిగితే చెప్తానా? చస్తే చెప్పను. మా గ్యాంగుల్లో ఎవరూ చెప్పరు. దొంగ హాజరీ అని మేటు ఒప్పుకుంటే ఒక్కడి ఉద్యోగం కాదు, గ్యాంగందరిదీ పోద్ది. జ్వరంతో పడుకుని హాజరీ వేయించుకున్నోడూ దొంగే అవుతాడు. ఆ కోర్టులో బల్ల వెనక కూర్చున్నోళ్ళందరూ బంగార్రాజుకి ఆఫీసర్లే. ఆఫీసర్ల ముందు మేటు ఎప్పుడూ చేసే పనే ఆయన చేశాడు. నోరు మూసుకున్నాడు. తనవాళ్ళని కాపాడుతున్నానే అనుకున్నాడు, గానీ దాంతో హంతకుడు తప్పించుకుపోయాడు. తర్వాత ఆ సంగతి తెలిసి ఎన్నేళ్ళు బతికాడో లెక్కేసుకుంటే నాకు ఏడుపొచ్చింది.

ఇంటికెళ్ళి మా అత్తకి మొత్తం చెప్పాను. ఆవిడ మంచం మీంచి లేచి కూర్చుంది. ఆ పేర్లు చదవమంది. గవరయ్య అని మొదలెట్టాను. రెండో పేరు నేను చదవకముందే ఆవిడ అనీసింది. మూడోదీ అంది. నేను కాగితం చూస్తూ ఆగిపోయాను, ఆవిడ ఆగలేదు. ఇరవై ఏడు పేర్లూ అదే వరసలో, ఒక్కటి తప్పిపోకుండా చెప్పీసింది. ఆవిడకి ఏడెనిమిదేళ్ళప్పుడు రోజూ సాయంత్రం అన్నాలకి ముందు వాళ్ళయ్య అరుగు మీద కూర్చుని ఈ పేర్లు పిలిచీవాడట. పిల్ల ప్రతి పేరుకీ హాజర్ అనాలి. అదొక ఆట అనుకుందట. ఎనభై ఏళ్ళుగా ఆట అనే అనుకుంది.

ప్రత్యూష బయటికెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. ఆఫీసరు ఎప్పుడో చచ్చిపోయి ఉంటాడు, ఇప్పుడు ఏ కోర్టూ దీన్ని తెరవదు అని చెప్పింది. పోయినోళ్ళ పేర్లు ఆ ఫైలు పంపినవాళ్ళకి రాస్తానంది, కనీసం చుక్కల అర్థం ఫైల్లో చేరుద్ది అంది. మా అత్త అదంతా విని, కోర్టు సంగతి సరేగానీ, సింహాచలానికి చూపించాల అంది. ఆడే పెద్ద కోర్టు నాకు, అంది.

నాకు ఒక భయం ఉంది, అది వాళ్ళకి చెప్పలేదు. ఆ పుస్తకంలో పైడయ్య పేరు కూడా ఉంది. ఇరవై ఏడుగురిలో కాదు, వేరే. అతని గీతల కింద చుక్కలు నలభై ఏడు రోజులున్నాయి. తల మీదకి ఎప్పుడూ ఎక్కలేదు. ఆ క్యాంపులో పనికి రానోడికి బియ్యం లేదని ఫైల్లో రాసుంది. మరి నలభై ఏడు రోజులు పని చెయ్యకుండా పైడయ్య ఏం తిని బతికాడు? బంగార్రాజు వేసిన దొంగ హాజరీ తిని బతికాడు. పోయినోళ్ళ పేరున ఆగస్టు దాకా వచ్చిన బియ్యం కూడా అతనిలాంటి జబ్బోళ్ళకే పోయింది, అది చూపించీది ఆ చుక్కలే. ఆ పైడయ్యే సింహాచలం మావయ్యని కొడుకులా పెంచాడు. ముసలాయనకి ఇది చూపించడం నాకు మంచిగా అనిపించలేదు.

శనివారం పొద్దున్న ఆటో పిలిచాం. రెండు సందుల దూరానికి ఆటో ఏటని ఆటోవాడు నవ్వాడు. సింహాచలం మావయ్య గేటు ముందు ఆపించాం. నేను దిగి పిలిస్తే వాళ్ళ కోడలు తనూజ వచ్చి చూసి, వెనక్కి లోపలికి పరిగెత్తింది. చాలాసేపటికి ఆయన వచ్చాడు. తెల్ల లుంగీ, బనీను, జేబు లేక కళ్ళజోడు చేతిలోనే పట్టుకున్నాడు. గేటు తియ్యలేదు. మా అత్త ఆటోలోంచి దిగలేదు. లోపలికి రావడానికి రాలేదని, కాగితం చూస్తే చాలని అక్కడి నుంచే అంది. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడ్డం నేను చూడడం అదే మొదలు.

నేను గేటు మీదుగా కాగితాలు అందించాను. సింగపూర్ కోర్టులో పెట్టిన పుస్తకం ఇదే మావయ్యా, అన్నాను. ఇంకేమీ చెప్పలేదు. ముప్పై ఏళ్ళు మేటుగా చేసినోడికి నేను చెప్పీదేటుంది.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. గేటు గోడ మీద కాగితం పరిచి, వేలితో ఒక్కొక్క వరసా జరుపుకుంటూ వచ్చాడు. చిన్నారావు పేరు దగ్గర వేలు ఆగింది. కింద చుక్కల మీదుగా నెమ్మదిగా జరిగి, పద్నాలుగో తారీఖు దగ్గర పైకి లేచింది. మళ్ళీ మొదటికొచ్చి ఇంకోసారి చూశాడు. తర్వాత పైడయ్య వరస. నలభై ఏడు గడులూ పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. ఆయన మొహం చూడలేక నేను ఆటో చక్రం వేపు చూశాను. తనూజ మంచినీళ్ళు తెచ్చి వెనకే నిలబడిపోయింది.

“మా చిన్నాన్న చెడ్డోడు కాదు,” అన్నాడు చివరికి. ఎవరితోనో తెలీదు.

“కాడు,” అంది మా అత్త ఆటోలోంచి. “ఆకలి ఏసినోడు.”

అప్పుడు మా అత్త, ఎవరూ అడక్కుండానే, చీర కొంగు సర్దుకుని పిలవడం మొదలెట్టింది. గవరయ్య. హాజర్. తౌడు. హాజర్. చిన్నప్పటి ఆటలోలాగే పేరూ తనే పిలుస్తోంది, జవాబూ తనే చెప్తోంది. పాల ప్యాకెట్లు పట్టుకుని పోతున్న మనిషి ఆగి చూసి ఎల్లిపోయాడు. పదకొండో పేరు చిన్నారావు. ఆవిడ ఆ పేరు పిలిచి, జవాబు చెప్పకుండా ఆగింది.

ఎనభై మూడేళ్ళ సింహాచలం మావయ్య గేటు ఊచలు పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు.

“హాజర్,” అన్నాడు.

ఆ తర్వాత పదహారు పేర్లకీ జవాబు ఆయనే చెప్పాడు. అన్నీ అయ్యాక ప్రత్యూష దగ్గర పెన్ను అడిగాడు. కాగితం మీదకి వంగి ఏదో వెతికాడు. బంగార్రాజు పేరు దగ్గర ఆగి, ఆ మూడు సున్నాల మీద, పన్నెండు, పదమూడు, పద్నాలుగు, ఒక్కొక్క దాని మీద నిలువు గీత పెట్టాడు. పెన్ను తిరిగిచ్చీసి గేటు గొళ్ళెం తీశాడు.

మా అత్తకి ఆటోలోంచి ఏమీ కనబడలేదు. ఏటి రాసినాడే, ఏటి రాసినాడు అని నా చెయ్యి పట్టుకుని లాగింది. మూడు రోజులూ మీ అయ్యకి హాజరీ వేశాడత్తా అన్నాను. చుక్క ఎక్కడెట్టినాడు, కిందా, మీదా అని అడిగింది.

చుక్క పెట్టలేదత్తా అన్నాను.